ఒంటికణంపై నీలాపనింద

గడ్డి నానబెట్టిన నీళ్లు నాలుగైదు రోజులకు కంపు కొడతాయి. మా జువాలజీ ల్యాబులో ఆ కంపు వచ్చిందంటే పారమీషియం వారం వచ్చినట్టే. ఎండుగడ్డిని ఉడకబెట్టి, చల్లారాక ఆ నీళ్లు సీసాలో పోసి, కాసిని చెరువు నీళ్లు కలిపి కిటికీలో పెడతాను. తర్వాత ఒక చుక్క తీసి స్లైడు మీద వేసి, అందులో నాలుగు దూదిపోగులు పరుస్తాను. ఆ పోగులు అడ్డం లేకపోతే పారమీషియం కంటికి ఆనదు. చెప్పు అట్టలాంటి ఆ ఒళ్లు మెలికలు తిరుగుతూ క్షణంలో దాటిపోతుంది.

ఈ ఏడాది ఒక కుర్రవాడు మైక్రోస్కోపు దగ్గర నుంచి ఎంతకీ లేవలేదు. వెనక వరసలో వాళ్లు గొడవ చేస్తున్నా కదల్లేదు. చివరికి తల ఎత్తి అడిగాడు: "సార్, అది దూదిపోగుకి గుద్దుకుంది. వెనక్కి వచ్చింది. కొంచెం పక్కకి తిరిగి మళ్లీ ముందుకెళ్లింది. దానికి బుర్ర లేదన్నారు కదా, మరి వెనక్కి రావాలని ఎలా తెలిసింది?"

"అదొక ప్రతిచర్యరా" అని దాటేశాను. కానీ వాడు అడుగుతున్నప్పుడు వాడి వెనక బోర్డు మీద నా చేతిరాతలోనే ఒక పట్టిక ఉంది. ఏకకణ జీవులకూ బహుకణ జీవులకూ భేదాలు, 4 మార్కులు. మొదటి వరస: ఒకే కణం, అనేక కణాలు. రెండో వరస: అతి సరళం, సంక్లిష్టం. మూడో వరస: నిమ్నస్థాయి, ఉన్నతస్థాయి. మొదటి వరస నిజం. ఆ కింద రెండూ పరిశీలన మీద కాక అలవాటు మీద నిలబడ్డ మాటలు. ఏళ్ల తరబడి నేనే రాయించాను కాబట్టి వాటిని ఖండించే బాధ్యతా నాదే.

ముందు పూర్వపక్షం. దాన్ని నీరుగార్చి చెప్పి గెలవడంలో గొప్ప లేదు కాబట్టి, దాని బలంతోనే చెబుతాను. ఒక్క కణమే తినాలి, అరిగించుకోవాలి, కదలాలి, సంతానం కనాలి. అన్నీ ఒక్కరే చేస్తే ఏ పనీ నిండుగా సాగదు. పని పంచుకున్న చోట కండరం వచ్చింది, నరం వచ్చింది, కన్ను వచ్చింది. ఒంటికణం పెద్దది కాలేదు, యంత్రంలా స్పందించడమే తప్ప ఇంకేమీ చేయలేదు. ముందు పుట్టింది ఒంటికణం, తర్వాత పుట్టింది బహుకణం. కాబట్టి మొదటిది మెట్టు, రెండోది మేడ. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1874లో అచ్చేసిన వంశవృక్షంలో కేంద్రకం లేని సూక్ష్మజీవులు మొదట్లో, మనిషి కొమ్మ చివర ఉంటారు. ఆ బొమ్మ పాతబడినా అందులోని నిచ్చెన మాత్రం పాఠ్యపుస్తకాల్లో, ప్రవచనాల్లో, వాట్సాప్ సందేశాల్లో ఇంకా నిటారుగానే నిలబడి ఉంది.

ఈ వాదనంతా ఒక తప్పు పోలిక మీద ఆధారపడింది. ఆ పోలిక ఎప్పుడు పుట్టిందో కూడా చెప్పొచ్చు. 1838లో బెర్లిన్‌కు చెందిన ఎరెన్‌బెర్గ్ అనే ఆయన ఈ సూక్ష్మజీవులు పరిపూర్ణ జీవులని ఒక పెద్ద పుస్తకం వేశాడు. వాటికి నీలిమందు తినిపించి, లోపల కనిపించిన రంగు గుండ్రాలన్నీ పొట్టలని అనుకున్నాడు. అది పొరపాటు. అవి తిన్న తిండి చుట్టూ అప్పటికప్పుడు ఏర్పడే తిత్తులని ఫ్రాన్స్‌లో డుజార్డిన్ తేల్చాడు. అప్పుడే 1839లో ష్వాన్ కణ సిద్ధాంతం వచ్చింది, ప్రాణి శరీరాలన్నీ కణాలతో కట్టినవే అని. 1845లో సీబోల్ట్ ఆ రెంటినీ ముడివేసి ఈ సూక్ష్మజీవులు ఒక్కొక్కటీ ఒక్కో కణం అన్నాడు. పొట్టలతో పాటు పరిపూర్ణత కూడా కొట్టుకుపోయింది. మన శరీరం కణాలనే ఇటుకలతో కట్టిన ఇల్లయితే, అమీబా ఇల్లు కట్టలేకపోయిన ఒంటి ఇటుక అన్నమాట!

1911లో క్లిఫర్డ్ డోబెల్ అనే ఇంగ్లీషువాడు, అప్పటికి పాతికేళ్లవాడు, ఈ ముడిని విప్పాడు. అమీబాను పోల్చాల్సింది మన ఒంట్లోని ఒక కణంతో కాదు, మన మొత్తం ఒంటితో అన్నాడు. అది ఒక పూర్తి జీవి; కాకపోతే తనను తాను కణాలుగా విభజించుకోలేదు. మన పద్ధతిలో చెప్పాలంటే ఒంటిగది ఇల్లు చూడండి. ఒక మూల పొయ్యి, ఒక మూల దేవుడి పటం, దండెం మీద బట్టలు, రాత్రికి చాప. పది గదుల మేడలో స్నానాలగది కూడా ఒంటిగదే. ఎవరైనా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి "రెండూ ఒక్కో గదే కదా" అంటే నవ్వుతాం. ఒకటి కాపురం సాగే ఇల్లు, రెండోది ఇంట్లో ఒక భాగం. అమీబాను మన చర్మకణం పక్కన పెట్టినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాదు. డోబెల్ చెప్పి నూరేళ్లు దాటినా మన పట్టికలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

పోలిక సరిచేసుకున్నాక "అతి సరళం" అనే మాటను పరీక్షించండి. పారమీషియం పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు. ఒంటి నిండా వేల శైలికలు, ఒకదాని వెంట ఒకటి గాలికి ఊగే వరిచేనులా కొట్టుకుంటాయి. నోటిగాడి ఉంది, తిన్నదాన్ని పట్టుకుని ఒంట్లో చుట్టూ తిప్పే తిత్తులున్నాయి, మిగిలిన పిప్పిని వదలడానికి ఒక నిర్ణీత స్థలం ఉంది. లోపలికి వచ్చిన నీటిని ఎప్పటికప్పుడు తోడిపోసే సంకోచ రిక్తికలు రెండున్నాయి. కేంద్రకాలూ రెండు రకాలు: ఒకటి రోజువారీ సంసారానికి, రెండోది వంశానికి. పారమీషియంలో ఒక జాతి జన్యుపటాన్ని 2006లో చదివితే దాదాపు 40,000 జన్యువులు లెక్కతేలాయి. మనకు 20,000. జన్యువుల లెక్క గొప్పతనానికి కొలబద్ద కాదని నాకూ తెలుసు. వరి మొక్కకీ మనకంటే ఎక్కువే ఉన్నాయి. కానీ "సరళం" అన్నవాళ్లు ఏ కొలబద్దతో కొలిచారో చెప్పాలి కదా.

ఇంత దూరం వద్దు, గేదె దగ్గరికి వెళ్దాం. నెమరు వేస్తున్న గేదె మొదటి పొట్టలో ఒక మిల్లీలీటరు రసం తీస్తే అందులో లక్షల్లో శైలికాజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును విరగ్గొట్టే పనిలో అవీ చేయి వేస్తాయి. వాటిలో కొన్నింటికి నోరు, గొంతుక, లోపల గట్టి పలకల ఆసరా, వెనక మలద్వారం అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. వీటిని శ్రద్ధగా గీసిన పటం ఒకటి మా ల్యాబులో ఉంది. పేరు చెప్పకుండా పిల్లలకు చూపిస్తే, ఏదో పురుగుని నిలువునా కోసి గీశారనుకుంటారు.

సముద్రంలో ఎరిత్రాప్సిడినియం అని ఒక ఒంటికణం ఉంది. దానికి కన్ను ఉంది. ఉపమానానికి అనడం లేదు. వెలుతురును కూడగట్టే కటకం, దాని ముందు పారదర్శకమైన పొర, వెనక వెలుతురును పట్టే నల్లటి గిన్నె, అన్నీ ఒకే కణంలో. 1884లో రిచర్డ్ హెర్ట్‌విగ్ దీన్ని చూసి వర్ణించినప్పుడు కార్ల్ వోగ్ట్ అనే పేరున్న శాస్త్రవేత్త కొట్టిపారేశాడు. ఒంటికణానికి కన్నేమిటి, ఏ జెల్లీచేప కన్నో ఊడిపడితే ఇది మింగి ఉంటుంది, హెర్ట్‌విగ్ మోసపోయాడు అన్నాడు. నిచ్చెన ఎంత గట్టిగా బుర్రలో నాటుకుందో చూడండి: కళ్లెదుట కన్ను కనిపిస్తున్నా దొంగసొత్తు అనే అన్నాడు తప్ప సొంతమని ఒప్పుకోలేదు. 2015లో ఈ కుటుంబపు జీవుల్ని పరిశీలించిన కెనడా శాస్త్రవేత్తలు ఆ కంటి భాగాలు దేనితో తయారయ్యాయో చూపించారు. ముందుపొర మైటోకాండ్రియాలతో అల్లుకున్నది. వెనక గిన్నె ఒకప్పటి హరితరేణువు సంతతి. శ్వాసకు పనికొచ్చేదాన్నీ, తిండి వండేదాన్నీ కంటికి వాడుకున్న జీవిని అతి సరళం అని రాయించి నేను మార్కులు వేస్తున్నాను.

ఇక "యంత్రంలా స్పందించడం" అనే మాట. అమెరికాలో హెర్బర్ట్ స్పెన్సర్ జెన్నింగ్స్ అనే ఆయన 1906లో ఈ జీవుల నడవడి మీద ఒక పుస్తకం వేశాడు. అందులో స్టెంటార్ మీద చేసిన పరిశీలన ఉంది. స్టెంటార్ బాకా ఆకారంలో ఉండే ఒంటికణం. పాదంతో ఆకునో పుల్లనో అంటిపెట్టుకుని, చుట్టూ గొట్టం అల్లుకుని, నోటి చుట్టూ ఉన్న శైలికలతో తిండిని లాగుతూ ఉంటుంది. దాని నోటి మీదికి ఎర్రరంగు పొడి మెల్లగా వదిలాడు. మొదట పట్టించుకోలేదు. తర్వాత ఒక పక్కకు వంగింది. పొడి ఆగలేదు. శైలికలను ఎదురుదిక్కుకు కొట్టి పొడిని ఊదేసింది. అప్పటికీ ఆగలేదు. చటుక్కున ముడుచుకుని గొట్టంలోకి పోయింది. కాసేపటికి బయటికి వచ్చింది, మళ్లీ పొడి, మళ్లీ ముడుచుకుంది. చివరికి విసిగి పాదం పీకేసుకుని, గొట్టం వదిలేసి, వేరే చోటు వెతుక్కుంటూ ఈదుకుపోయింది.

1960ల్లో ఈ ప్రయోగం మళ్లీ చేస్తే ఫలితం రాలేదని జెన్నింగ్స్ మాటను అటకెక్కించారు. వాళ్లు వాడింది వేరే జాతి స్టెంటార్. 2019లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు సరైన జాతిని తెచ్చి, రంగుపొడికి బదులు సన్నని ప్లాస్టిక్ పూసలు వదిలి చూశారు. వంగడం, ఊదడం, ముడుచుకోవడం, వదిలిపోవడం అన్నీ వచ్చాయి. అన్నీ ఒకే వరసలో, ప్రతిసారీ ఒకేలా రాలేదు. అయితే తేలికపాటి ఉపాయం ముందు, ఖరీదైనది తర్వాత అనే తీరు లెక్కలకు నిలిచింది. ఇది ఆలోచన అని నేను అనడం లేదు. కానీ పక్కింటి టీవీ గోల మొదలైతే మనం చేసేదీ ఇదే: ముందు కిటికీ వేస్తాం, తర్వాత కేకేస్తాం, తలుపేసుకుంటాం, చివరికి ఇల్లు మారతాం.

మా కుర్రవాడి ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. పారమీషియం ముందుభాగం దేనికైనా తగిలితే దాని పైపొరలో ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. పొర మీద ఒక విద్యుత్ సంకేతం లేస్తుంది. శైలికలు ఎదురుదిక్కుకు కొడతాయి. కాల్షియాన్ని బయటికి తోడేశాక మళ్లీ ముందుకు. మన నరకణాల పొరలో ఎగసే సంకేతమూ ఇదే కోవది. బుర్ర లేదు, నిజమే. కానీ బుర్ర ఏ పనిముట్టుతో పనిచేస్తుందో ఆ పనిముట్టు దూదిపోగుకు గుద్దుకున్న ఆ ఒంటికణంలో ఉంది.

"చిన్నది" అనే మాట పెద్ద వాదన కాదు కాబట్టి త్వరగా తేలుద్దాం. కాలెర్పా అనే సముద్రపు నాచు మన్నార్ సింధుశాఖలో రాళ్ల మీద పాకుతూ ఉంటుంది. పాకే తీగ, లేచే ఆకులు, కింద వేళ్లలాంటి ఊడలు. లోపల ఎక్కడా అడ్డుగోడ లేదు. మొత్తం కలిపి ఒక్క కణం, కేంద్రకాలు మాత్రం లెక్కలేనన్ని. దీని జాతి ఒకటి 1984లో మొనాకో తీరంలో ఒక చదరపు మీటరు మేర కనిపించింది. తర్వాత మధ్యధరా అడుగున వేల హెక్టార్లకు పాకింది. 2022లో కరీబియన్ దీవి గ్వాడెలూప్ మడ అడవుల్లో సెంటీమీటరు పొడవుండే బ్యాక్టీరియా దొరికిందని ప్రకటించారు. అది ఉత్త కంటికే కనిపిస్తుంది. ఇటు చూస్తే, ఒక పరాన్న కందిరీగ జాతిలో రెక్కల్లేని మగపురుగు పొడవు 0.14 మిల్లీమీటర్లే. ఆరుకాళ్లూ నరాలూ ఉన్న ఆ బహుకణ జీవి నా గడ్డినీళ్లలోని పారమీషియం పక్కన పొట్టిదే.

ఇక అసలు పట్టు, నిచ్చెన. "ఏకకణ జీవులు" అని మనం ఒకే గంపలో వేసినవాటిలో బ్యాక్టీరియా ఉంది, అమీబా ఉంది. ఒకదానికి కేంద్రకమే లేదు, రెండోదానికి కేంద్రకం, మైటోకాండ్రియా అన్నీ ఉన్నాయి. వంశం లెక్క తీస్తే అమీబాకు బ్యాక్టీరియా కంటే మనిషే దగ్గర చుట్టం. మామిడిచెట్టు కంటే కూడా మనమే దగ్గర. చుట్టరికం తెలియకుండా వరస కలిపితే పెళ్లిపందిట్లో ఎంత గందరగోళమో, మన పట్టికలో అంత గందరగోళం ఉంది.

పైగా ఒంటికణం బహుకణంగా మారడం ఒక్కసారి జరిగిన మహాద్భుతం కాదు. మొక్కల్లో, జంతువుల్లో, శిలీంధ్రాల్లో, నాచుల్లో విడివిడిగా, కనీసం 25 సార్లు జరిగిందని జీవశాస్త్రవేత్తల లెక్క. 1998లో ప్రచురించిన ఒక ప్రయోగంలో క్లోరెల్లా అనే ఒంటికణ నాచును, దాన్ని తినే మరో ఒంటికణాన్ని ఒకే పాత్రలో పెంచారు. వంద తరాలు తిరగకుండానే క్లోరెల్లా గుంపులు కట్టింది. చివరికి ఎనిమిదేసి కణాల గుంపు దగ్గర కుదురుకుంది, మింగేవాడి నోటికి పట్టకుండా. 2012లో అమెరికాలోని మిన్నెసోటాలో మామూలు ఈస్టును తీసుకుని, గొట్టంలో త్వరగా అడుగుకు దిగినవాటినే మళ్లీ పెంచుతూ పోతే, 60 రోజుల్లో మంచుపూవుల్లాంటి బహుకణ గుత్తులు వచ్చాయి. రెండు నెలలు! మన ఊళ్లో ఇల్లు కట్టడానికి అనుమతి రావడానికే ఇంతకంటే ఎక్కువ పడుతుంది.

చెరువుల్లో పచ్చని పూసలా దొర్లే వాల్వాక్స్‌ను చూడండి. దాని ఒక జాతిలో దాదాపు 2,000 చిన్న కణాలు, 16 పెద్ద సంతాన కణాలు ఉంటాయి. దాని ఒంటికణ బంధువు క్లామిడోమోనాస్. 2010లో రెండింటి జన్యుపటాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటికీ దాదాపు 14,500 జన్యువులే. ఒంటికణం నుంచి బహుకణానికి రావడానికి కొత్త సరుకు పెద్దగా కొనాల్సి రాలేదు, ఇంట్లో ఉన్న సామానునే సర్దుకున్నారు. జంతువుల కథా అంతే. మనకు దగ్గరి ఒంటికణ చుట్టాలైన కోయనోఫ్లాజెల్లేట్ల జన్యుపటం 2008లో బయటికొస్తే, మన కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడానికి వాడే ప్రోటీన్ల జాతివి అందులో అప్పటికే ఉన్నాయి.

నిచ్చెనకు ఇంకో ఇబ్బంది ఉంది: దిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. కల్లు పొంగడానికి కారణమైన ఈస్టు ఒకప్పటి బహుకణ శిలీంధ్రాల సంతానమే. గుంపు కాపురం మానేసి ఒంటరిగా బతకడం మొదలుపెట్టింది, సుఖంగా ఉంది. అంతకంటే వింత మన వీధుల్లోనే తిరుగుతోంది. జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే కణితి ఒకటి ఉంది. వీధికుక్కల్లో మన పశువైద్యులు దాన్ని తరచూ చూస్తారు. దాన్ని మోసుకొచ్చే వైరస్ ఏదీ లేదు, అంటుకునేది కణితి కణమే. వేల ఏళ్ల కిందట చనిపోయిన ఒకే ఒక్క కుక్క ఒంట్లోని కణం తాను పుట్టిన ఒంటిని వదిలి, ఖండాలు దాటి, ఇప్పటికీ విభజన చెందుతూ బతుకుతోంది. క్షీరదం కణం పరాన్నజీవిగా మారి సొంతంగా బతుకుతోంది. నిచ్చెన అంటారా? ఏ మెట్టు మీద కూర్చోబెడతారు దీన్ని?

ఇక శ్రమ విభజన. పాఠ్యపుస్తకంలో ఇది పుణ్యంలా కనిపిస్తుంది. ఆ విభజన ఖరీదు ఎవరు కట్టారన్నది మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. 2016లో వేసిన ఒక అంచనా ప్రకారం మన ఒంట్లో దాదాపు 30 లక్షల కోట్ల సొంత కణాలున్నాయి. అందులో పదింట ఎనిమిదికి పైగా ఎర్ర రక్తకణాలే. వాటికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, పిల్లల్ని కనే దారి లేదు. 120 రోజులు ఆక్సిజన్ మోసి పోతాయి. టేకుమానులో నీటిని పైకి తెచ్చే నాళాలు పని మొదలుపెట్టేది వాటి కణాలు చచ్చాకే. మనం చెట్టు అని చూసే కలపలో ఎక్కువ భాగం చచ్చిన కణాల గోడలు. వాల్వాక్స్‌లో పిల్ల గోళాలు బయటికి వెళ్లగానే ఆ 2,000 చిన్న కణాలూ చస్తాయి. ఈ బేరాన్ని కళ్లారా చూపించే జీవి డిక్టియోస్టీలియం. 1930ల్లో కెన్నెత్ రేపర్ అమెరికా అడవిలో కుళ్లిన ఆకుల మధ్య దీన్ని గుర్తించాడు. తిండి దొరికినన్నాళ్లూ ఏ అమీబాకా అమీబా. కరువు రాగానే దాదాపు లక్ష అమీబాలు ఒకచోట చేరి, ఒక పురుగులా పాకి, చిన్న కాడలా నిలబడతాయి. అందులో అయిదో వంతు కాడగా మారి చచ్చిపోతాయి, మిగిలినవి ఆ కాడ మీదికెక్కి విత్తనాల్లాంటి సిద్ధబీజాలవుతాయి.

బహుకణ జీవితమంటే ఈ ఒప్పందమే. ఉమ్మడి కుటుంబంలో ఒకడు చదువుకుని పట్నం వెళ్తే, ఇంకొకడు జీవితమంతా ఎడ్ల వెనక నడిచినట్టు. ఒప్పందం తప్పినవాడూ పుడతాడు: ఉమ్మడి సొమ్ము తింటూనే వేరుకుంపటి పెట్టుకున్న కణాన్ని మనం క్యాన్సర్ అంటాం. ఒంటికణానికి వైరస్‌లు, వేటగాళ్లు, కరువు అన్నీ ఉన్నాయి గానీ ఈ ఇంటిదొంగ బెడద లేదు. దానికి శవమూ తప్పనిసరి కాదు: తల్లి రెండు కూతుళ్లుగా చీలితే తద్దినం ఎవరికి పెట్టాలి? అమరత్వం అనను, పారమీషియం కూడా ఎంతసేపూ చీలుతూనే ఉండి జన్యువులను కొత్తగా కలుపుకోకపోతే ముసలిదై ఆ వంశం అంతరిస్తుంది. కానీ ముసలితనాన్ని కడిగేసుకునే దారి దాని మొత్తం ఒంటికీ ఉంది. మనకు ఆ దారి వంశకణాలకే ఉంది, ఒంటికి లేదు.

ఇంత చెప్పినా "ఏదైనా అవి నిమ్నస్థాయివే" అనేవాళ్లు సికింద్రాబాద్ రావాలి. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను కోసి, దాని గోడలో మలేరియా క్రిమి ఎదుగుతుండడం చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని డబ్బిచ్చి కుట్టించిన దోమ అది. ఆ క్రిమి, ప్లాస్మోడియం, ఒంటికణమే. దోమ పొట్టలో ఒక రూపం, లాలాజలంలో ఇంకో రూపం, మన కాలేయంలో మరొకటి, ఎర్రకణంలో వేరొకటి. మన రోగనిరోధక సైన్యం గుర్తుపట్టకుండా, ప్లాస్మోడియం జాతుల్లో అత్యంత ప్రమాదకరమైనది 60 వేషాల పెట్టె దగ్గర ఉంచుకుని ఒక్కొక్కటే తీసి వేసుకుంటుంది. రాస్ చూసిన నాటి నుంచి 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదటి మలేరియా టీకాను సిఫారసు చేసేదాకా 124 ఏళ్లు పట్టింది. ఆ క్రిమి నేటికీ ఏటా దాదాపు 6 లక్షల మందిని చంపుతోంది. పిట్ట కొంచెం కూత ఘనం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

భూమ్మీద ఎవరి బరువెంతో కూడా లెక్క వేశారు. 2018 అంచనాలో జంతువులన్నింటి ఒంట్లో ఉన్న కార్బన్ 200 కోట్ల టన్నులు. చీమలు, చేపలు, ఆవులు, మనుషులు అంతా కలిపి. అమీబా, పారమీషియం కోవకు చెందిన జీవులది 400 కోట్ల టన్నులు. బ్యాక్టీరియాది 7,000 కోట్లు. మనుషులది 6 కోట్లు. మొక్కలు 45,000 కోట్లతో అందరికంటే ముందున్నాయి, ఆ సంగతి దాచను. కానీ ఆ మొక్కల ఆకుల్లోని హరితరేణువు ఒకప్పటి ఒంటికణ బ్యాక్టీరియా. గాలిలో ఆక్సిజన్ నింపడం దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలుపెట్టింది వాటి పూర్వీకులే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనకు అలవాటు. చెట్టుకి ఆ పేరు ఎవరిచ్చారో అడగం.

అవతలి పక్షానికి ఇవ్వాల్సింది ఇచ్చేస్తాను. కణాలు చేయి కలపకపోతే ఏనుగు లేదు, మర్రిచెట్టు లేదు, చావు గురించి బెంగపడే మెదడు లేదు. పోషకాలు కణంలోపల వాటంతట అవే వ్యాపించడానికి పట్టే కాలం దూరం వర్గంలా పెరుగుతుంది కాబట్టి, చురుగ్గా పరుగెత్తే పెద్ద శరీరం కావాలంటే రక్తనాళాలున్న బహుకణ శరీరమే దారి. స్టెంటార్ విసుగెత్తి వెళ్లిపోగలదు గానీ, ఎందుకు వెళ్లిందో ఖండన వ్యాసం రాయలేదు. ఇవన్నీ భేదాలే, నిజమైన భేదాలే. భేదాన్ని హోదాగా మార్చిన చోటే నా అభ్యంతరం. ఒకే జీవితాన్ని రెండు రకాలుగా గడిపేవాళ్లలో ఒకరు గొప్పతనాన్ని కణంలోపల పేర్చుకున్నారు, ఇంకొకరు కణాల మధ్య పేర్చుకున్నారు. లోపల పేర్చుకున్నవాడి ఇంటికి గదులు లేవు కాబట్టి వాడు పేదవాడని మనం రాయించుకున్నాం.

అందుకే అడుగుతున్నాను: పాఠ్యపుస్తకంలో ఆ పట్టిక నుంచి "సరళం", "నిమ్నస్థాయి" అనే రెండు మాటలు తీసేయండి. పెద్ద పనేమీ కాదు, పేజీలు పెరగవు. వాటి స్థానంలో నిజమైన భేదం ఒక్కటి చాలు.

మరుసటి క్లాసులో నేను ఆ పని చేశాను. బోర్డు మీద రెండో వరసా మూడో వరసా తుడిచేసి, కింద ఒక కొత్త వరస రాశాను: కణాన్ని ఒంటరిగా చెరువులో వదిలేస్తే? ఎడమ గడిలో, బతుకుతుంది. కుడి గడిలో, చస్తుంది. ముందు బెంచీ పిల్ల చేయెత్తింది.

"సార్, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదమ్మా."

సగం మంది పెన్నులు మూసేశారు. మైక్రోస్కోపు కుర్రవాడు మాత్రం తల వంచుకుని రాసుకుంటున్నాడు.